బాల్టిమోర్ నుంచి వచ్చిన చెప్పు

1859 జనవరి 12

ఇవాళ మళ్ళీ నా గురించి నేనే ఉత్తరం రాశాను.

మా మేనమామ సెలిగ్మన్ మామయ్య గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే నేను బల్ల ముందు కూచుని "మా సంఘంలోని ఒక విధవరాలు, వయసు ఇరవై నాలుగు, సంతానం లేదు" అని గుండ్రంగా రాసిపెట్టాను. ఊళ్ళో మా యూదుల సంఘానికి పెద్ద మామయ్య, కానీ ఆయన రాత కోడి కెలికినట్టుంటుంది. మా నాన్న బవేరియాలో బడిపంతులు కావడంతో ఆ పని నా నెత్తిన పడింది. పోయిన ఏడు బాల్టిమోర్ పెద్దాయన, మీ గుమాస్తా దస్తూరి చూడముచ్చటగా ఉంది, అతన్ని మా సంఘానికి పంపగలరా అని అడిగాడు. ఆ గుమాస్తా, ఈ విధవరాలు ఒకరేనని ఆయనకేం తెలుసు. మామయ్య మాత్రం రెండు రోజులు నవ్వుకున్నాడు.

ఇవాళ్టిది శాక్రమెంటో సంఘం పెద్దకి. పాత సంగతే మొదట్నుంచీ చెప్పించాడు. విధవరాలి భర్త ఆన్షెల్ పెళ్ళైన ఏడు నెలలకే జ్వరంతో పోయాడు. అతని ఒక్కగానొక్క తమ్ముడు కోపెల్ కాలిఫోర్నియా గనుల వైపు వెళ్ళాడు. ధర్మశాస్త్రం ప్రకారం మరిది ఆమెను చేసుకోవాలి, లేదంటే పెద్దల ఎదుట తన కుడికాలి చెప్పు ఆమె చేత విప్పించుకుని, తన ముందు నేల మీద ఉమ్మించుకుని వదిలెయ్యాలి. చేసుకోవడం మనవాళ్ళలో ఎప్పుడో పోయింది, వదిలెయ్యడమే మిగిలింది. అందుకు అతను స్వయంగా రావాలి. వచ్చేదాకా ఆమెకు మరో పెళ్ళి లేదు. దయచేసి వెతికించండి.

ఇదంతా నాకు నోటికి వచ్చేసింది. మామయ్య ఎక్కడ దగ్గుతాడో, ఎక్కడ నావైపు చూడకుండా కిటికీలోంచి నది చూస్తాడో కూడా వచ్చేసింది.

జనవరి 13

లాజరస్ వచ్చి వెళ్ళాడు. గుర్రపు జీన్లు కుట్టే మనిషి, మాటలు కూడా కుట్టుకుంటూ కూచున్నట్టు ఒక్కొక్కటే తీస్తాడు. ఉత్తరం వెళ్ళిందా అన్నాడు. వెళ్ళిందన్నాను. అంతే. అయినా పొద్దంతా బాగుంది.

ఫిబ్రవరి 20

దొరికాడు!

శాక్రమెంటో పెద్ద స్వయంగా పడవెక్కి, బండెక్కి, కొండల్లో ఒక గని దగ్గర అంగడి నడుపుకుంటున్న కోపెల్‌ను చూసి వచ్చాడట. ఇది ఇంతకుముందు రాసిన ఉత్తరానికి జవాబు. ఎంత శ్రద్ధగా రాశాడు పాపం. పేరు సరిపోయింది, తండ్రి పేరు సరిపోయింది, పుట్టిన ఊరు సరిపోయింది. చెవుడు లేదు, మూగతనం లేదు, మతి స్థిమితంగా ఉంది. తంతుకు ఏమేం కావాలో అన్నీ విచారించాడు. అంగడి బల్ల వెనక కూచుని మర్యాదగా కాఫీ ఇచ్చాడని కూడా రాశాడు.

ఆఖర్న ఒక్క వాక్యం. రమ్మంటే "నేను రాలేను" అన్నాడట. కారణం చెప్పలేదట.

నేను పైకి చదువుతున్నదాన్ని అక్కడ ఆగిపోయాను. పెప్పి అత్తయ్య ఆలుగడ్డలు తరుగుతూ తల కూడా ఎత్తకుండా అంది: "రాలేకపోవడానికి వాడి కాళ్ళేమన్నా పడిపోయాయా?"

వాడు. ఆన్షెల్ కంటే రెండేళ్ళు చిన్న. పెళ్ళిలో నా పక్కన నిలబడి, వదినా, మా అన్న గురక పెడతాడు, ముందే చెబుతున్నా అని నవ్వించినవాడు. వేల మైళ్ళ అవతల కూచుని నా బతుకు మీద మూత పెట్టాడు.

ఫిబ్రవరి 28

బాల్టిమోర్ ఆయన సలహా వచ్చింది. ఇలాంటి మరుదులు ఏదో ఆశించి బెట్టు చేస్తారు, మెత్తగా పోవద్దు, వస్తావా లేక నీ పేరు దేశంలోని ప్రతి మందిరంలో చదివించమంటావా అని రాయండి అన్నాడు.

మామయ్యకు ఎవరి మీదా గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. కోపెల్‌కి ఉత్తరం రాయిస్తూ ఆయన చెబుతున్న మాటలు మెత్తగా ఉన్నాయని నేనే అక్కడక్కడా ఉప్పూ కారం జల్లాను. "చచ్చిన అన్న ముఖం చూసైనా" అన్నది నాది. "నీ వంటివాడికి తలదాచుకునే చోటు లేకుండా" అన్నది కూడా నాదే. చదివి వినిపిస్తే మామయ్య, ఇంత మాట నేనన్నానా అమ్మాయ్ అన్నాడు. అన్నారు మామయ్యా అన్నాను.

మార్చి 20

పూరీము పండుగ. అందరూ తాగారు. లాజరస్ ఒక్క గుక్క తాగి ఎర్రబడిపోయి, మెంఫిస్‌లో వాళ్ళ అన్న కొట్టు పెట్టి రమ్మంటున్నాడని చెప్పాడు. వేసవి దాటితే వెళ్ళక తప్పదట. నన్ను పెళ్ళి చేసుకుని తీసుకువెళ్ళాలని ఉందట, కానీ మరిది విడుదల ఇవ్వకుండా వద్దు అన్నాడు. రేపు మన పిల్లల్ని వేలెత్తి చూపేవాడు ఒక్కడు కూడా ఉండకూడదు అన్నాడు.

అతనన్నది న్యాయమే. అంత న్యాయంగా ఉండకపోతే బాగుండునని కూడా అనిపించింది. అలా అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చి రెండు గ్లాసులు తాగాను.

ఏప్రిల్ 11

బాల్టిమోర్ నుంచి చెప్పు వచ్చింది. పస్కా పండుగ పనుల మధ్య, ఇల్లంతా రొట్టె ముక్క లేకుండా ఊడ్చి కడుగుతుంటే, పెట్టెలో గడ్డి పేర్చి పంపారు. మరిది వస్తాడో రాడో తెలియదు, ముందు చెప్పు వచ్చింది.

ఒక్కటే చెప్పు, కుడికాలిది. మేకు లేదు, బకిల్ లేదు, అంతా తోలే. తోలు తాళ్ళు బారెడు పొడుగున్నాయి. ఆ సంఘం వాళ్ళు దాన్ని ఇలాంటి పనికే దాచుకుంటారట. నాకంటే ముందు ఎంతమంది విప్పారో. తాళ్ళ చివర్లు మెత్తబడిపోయాయి.

లాజరస్ దాన్ని చేతిలోకి తీసుకుని, అది ఎందుకొచ్చిందో మరిచిపోయి, కుట్టు చూశావా, ఇటువంటి కుట్టు ఈ దేశంలో ఎవడూ వెయ్యలేడు అని మురిసిపోయాడు. తర్వాత గుర్తొచ్చి గభాలున కింద పెట్టేశాడు.

మే 9

వస్తున్నాడు. శాక్రమెంటో పెద్ద రెండు ముక్కలు రాశాడు: బయల్దేరాడు, పనామా మీదుగా వస్తాడు.

నేను రాసిన కారం పనిచేసింది. పనిచేసినందుకు సంతోషంగానే ఉంది. అన్నం సయించడం లేదు, అది వేరే.

మే 24

ఎలా రాయను.

పడవ రేవుకు నేనూ మామయ్యా వెళ్ళాం. అందరూ దిగిపోయారు. రాలేదేమో అనుకున్నాను. చివర్న ఒకతను కర్ర ఊతగా, పడవ వాళ్ళ భుజం పట్టుకుని, బల్ల మీదుగా మెల్లగా దిగాడు. గడ్డం నెరిసింది. ముప్పై ఏళ్ళకే నెరిసింది. కుడికాలు మోకాలి కింద నుంచి కొయ్య.

నేను ఆ కొయ్యనే చూస్తున్నాను. చూడకూడదని తెలిసీ చూస్తున్నాను. అత్తయ్య ఆలుగడ్డలు తరుగుతూ అన్న మాట గుర్తొచ్చింది.

"బాగున్నారా వదినా?" అన్నాడు అతను. "మీ ఉత్తరం అందింది. రాలేనని చెప్పింది ఈ కాలు మూలంగానే."

ఇంటికొచ్చాక అత్తయ్య అన్నం పెడుతుంటే కొంచెం చెప్పాడు. రెండేళ్ళ కిందట గనిలో దుంగ మీద పడిందట. శాక్రమెంటో పెద్ద వచ్చినప్పుడు బల్ల వెనక కూచునే ఉన్నాడు, ఆయన అన్నీ అడిగాడు, ఇదొక్కటి అడగలేదు. నువ్వెందుకు చెప్పలేదయ్యా అని మామయ్య అడిగితే అతను పళ్ళెం పక్కకు జరిపాడు.

"విప్పడానికి కాలే లేదని తెలిస్తే వదినకి ఇంక ఆశే ఉండదు. బుద్ధిలేనోడు, రానంటున్నాడు అనుకుంటే, తిట్టుకుంటూనన్నా ఎదురుచూస్తారనుకున్నా" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అన్ని ఊళ్ళ పెద్దలు, అన్ని ఉత్తరాలు. చెవులున్నాయా అని రాశాం, నోరుందా అని రాశాం, తండ్రి పేరు రాశాం. కుడికాలి చెప్పు కోసం బాల్టిమోర్ దాకా రాశాం. కాలుందా అని ఒక్కడికీ తోచలేదు. రాసింది నేనే, నాకూ తోచలేదు.

మే 26

మామయ్య రాయిస్తున్నాడు. బాల్టిమోర్‌కి ఒకటి, సెయింట్ లూయిస్‌కి ఒకటి, లూయివిల్‌కి ఒకటి. "కాలు మోకాలి కింద నాలుగు వేళ్ళ దగ్గర తెగినది. పిక్క కొంత మిగిలి ఉన్నది. దానికి చెప్పు కట్టి విప్పిన, చెల్లునా?" నాలుగు వేళ్ళని కొలిచింది మామయ్యే, తలుపు వేసుకుని. బయటికొచ్చేసరికి ఇద్దరూ సిగ్గుతో కందిపోయి ఉన్నారు.

కోపెల్‌కి దగ్గు ఉంది. గనుల్లో నీళ్ళలో నిలబడి పని చేసిన దగ్గట. ఉత్తరంలో అది కూడా రాయమన్నాడు మామయ్య, అతనికి మళ్ళీ ప్రయాణం చేయించడం కష్టమని తెలియడానికి.

జూన్ 14

లూయివిల్ ఆయన మొదట రాశాడు. ఆయన కొత్త పద్ధతి మనిషి. చెప్పులు విప్పుకోవడాలు, ఉమ్ములెయ్యడాలు ఈ కాలానికి తగవు, ఆ అమ్మాయికి రేపే పెళ్ళి చెయ్యండి, ఆశీస్సులు అన్నాడు. లాజరస్ ఆ ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి ఇచ్చేసి, ఆయన మన పిల్లల పెళ్ళిళ్ళప్పుడు వచ్చి సాక్ష్యం చెబుతాడా అన్నాడు.

బాల్టిమోర్ ఆయన: పిక్క మిగిలి ఉంటే చాలు, కట్టండి, విప్పండి, చెల్లుతుంది.

చెల్లుతుంది! అత్తయ్య నన్ను కావలించుకుంది. నేను ఆ మాటను వేలితో తడిమి చూశాను.

మామయ్య మాత్రం, సెయింట్ లూయిస్ ఆయన కూడా ఒక మాట అంటే బాగుంటుంది అన్నాడు. ఒక పెద్దమనిషి చెప్పింది ఇంకో పెద్దమనిషి ఒప్పుకుంటేగానీ మా మామయ్యకు అన్నం అరగదు.

జూన్ 24

సెయింట్ లూయిస్ ఉత్తరం.

మామయ్యకు సాయంత్రాలు కళ్ళు ఆనవు, చదువమ్మా అన్నాడు. అందరం బల్ల చుట్టూ ఉన్నాం. కోపెల్ బఠాణీలు ఒలుస్తున్నాడు. నేను చదివాను. పాదం లేనివాడికి చెప్పు లేదు, పిక్కకు కట్టినది చెప్పు కాదు వట్టి తోలుకట్టు, అలా చేసిన పెళ్ళి తర్వాత చిక్కుల పాలవుతుంది. ఇంక ముందుకు చదివాను. నాకు అలవాటు, చేతిలో ఉన్నది చివరిదాకా చదవడం. "సదరు మరిది ఆరోగ్యము అంతంత మాత్రమని వ్రాసినారు. కనుక విధవరాలిని ఓపిక పట్టమనండి. మరిది కాలం చేసినచో ఆమెకు ఏ తంతూ అక్కరలేదు, విడుదలే. దేవుడే దారి చూపగలడు."

చదివిన తర్వాత అర్థమైంది నేనేం చదివానో.

కోపెల్ చేతిలో బఠాణీ కాయ అలాగే ఉంది. అంటే నేను పోతే వదినకి సరిపోతుందన్నమాట అన్నాడు. మామూలుగానే అన్నాడు. పెద్దలు ఏదో రాస్తారు, నువ్వు మనసులో పెట్టుకోకు అన్నాడు మామయ్య. అలా అన్నవాడు ఊరుకోకుండా, అయితే ఒకటి నాయనా, నువ్వు కాలిఫోర్నియా తిరిగి వెళ్ళకుండా ఉంటే మంచిది, అంత దూరాన ఏదైనా జరిగితే సాక్ష్యం దొరకదు, ఈ పిల్ల గతి అధోగతి అని కూడా అనేశాడు.

అత్తయ్య గరిటె కింద పడేసింది. కోపెల్ నవ్వాడు. సరే బాబాయ్, ఇక్కడే ఉంటా, మీకూ నిశ్చింత అన్నాడు.

జూన్ 27

మామయ్య సెయింట్ లూయిస్ వారి మాట బాల్టిమోర్‌కి రాయించాడు.

జూలై 11

బాల్టిమోర్ ఆయన వెనక్కి తగ్గాడు. సెయింట్ లూయిస్ పండితుడు అభ్యంతరం చెప్పినందువల్ల తన మాట ఒక్కటే పట్టుకోవద్దని, బవేరియాలోని పెద్దలకు రాసి తీర్పు తెప్పించుకోమని సలహా. సముద్రం దాటి వెళ్ళి రావాలి. అక్టోబరు అవుతుంది. లాజరస్ సెప్టెంబరులో మెంఫిస్ వెళ్తాడు.

బవేరియాకి ఉత్తరం రాశాను. అక్షరాలు గుండ్రంగా రాలేదు.

జూలై 15

కోపెల్‌కి కోడి చారు నేనే కాచి ఇచ్చాను. మిరియాలు వేశాను. రెండు గిన్నెలు తాగాడు. మా అమ్మ చేసినట్టుందన్నాడు. అత్తయ్య చేసినదానికంటే నాదే బాగుందన్నాడు, అత్తయ్య వినేట్టుగా.

నేను అతనికి ఏ లోటూ రానివ్వడం లేదు. ఆ సంగతి రాసిపెడుతున్నాను.

జూలై 19

దగ్గు తగ్గలేదు.

జూలై 21

ఎక్కువైంది. పై గదిలోంచి కింద వంటింటికి వినబడుతోంది. పిండి పిసుకుతూ ఎంతసేపు ఆగకుండా దగ్గుతాడో వింటూ ఉన్నాను. వినబడేది వినకుండా ఎలా ఉంటాం?

జూలై 22

లాజరస్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, ఎలా ఉంది అతని దగ్గు అన్నాడు. అలాగే ఉందన్నాను. డాక్టరేమంటున్నాడు అన్నాడు. ఇంకా చూపించలేదన్నాను. అలాగా అన్నాడు.

ఎంత మంచివాడు, అందరి ఆరోగ్యం కనుక్కుంటాడు.

జూలై 24

రాత్రి కోపెల్ దగ్గులో రక్తపు చార పడిందని అత్తయ్య చెప్పింది. డాక్టరును పిలుచుకురమ్మంది. వాన పడుతోంది. తగ్గాక వెళ్తాను.

జూలై 25

వాన. డాక్టరు ఇల్లు ఊరి చివర. బురదగా ఉంటుంది.

జూలై 26

ఇవాళ కూడా వానే. లాజరస్ వచ్చి ఎలా ఉందని అడిగాడు. రక్తం పడిందని చెప్పాను. అతను నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను. ఇద్దరం కళ్ళు దించుకున్నాం.

జూలై 27

మధ్యాహ్నం అత్తయ్య వాకిట్లోంచి కేకేసింది. డాక్టరును ఎందుకు పిలవలేదని. వాన కదా అత్తయ్యా అన్నాను.

అత్తయ్య నా చెయ్యి పట్టి వాకిట్లోకి లాక్కెళ్ళింది. వీధిలో బండి పోతుంటే మోకాలెత్తున దుమ్ము లేస్తోంది. తోటలో బీన్స్ తీగలు ఎండి గడ్డిపోచల్లా ఉన్నాయి.

"వాన ఎక్కడ పడిందే? నాకు చూపించు" అంది. తిట్టలేదు. భయపడినట్టు అంది.

పైన మూడు రోజులు రాసినవి చదువుకున్నాను. ఎవరి కోసం రాశాను ఆ వాన? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

డాక్టరు ఇంటికి పరిగెత్తాను. వచ్చాడు, మందిచ్చాడు, పాలు గుడ్లు పెట్టమన్నాడు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ చెప్పలేకపోయేవాణ్ణి అన్నాడు. నాతోనే అన్నాడు, పిలుచుకొచ్చినందుకు మెచ్చుకుంటూ.

జూలై 28

కోపెల్ మందు తాగించుకుంటూ నేను చెంచా ఒలకబోస్తే చూసి, పర్లేదు వదినా, కింద పోసినా నాకు ఇష్టమే, చేదుగా ఉంది అన్నాడు.

ఆగస్టు 3

తగ్గుముఖం పట్టింది. నిజంగానే తగ్గింది. ఇది రాస్తుంటే నాకు సంతోషంగా ఉందా లేదా అని నన్ను నేను అడుగుతున్నాను. జవాబు రావడానికి ఎంత సేపు పట్టిందో నాకు తెలుసు. అంత సేపు పట్టకూడదు.

ఆగస్టు 4

లాజరస్‌తో, ఇకమీదట అతని దగ్గు సంగతి అడగొద్దని చెప్పాను. ఎందుకని అతను అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తర్వాత, వెళ్ళబోతూ, నాకూ నిద్ర పట్టడం లేదు బబెట్ అన్నాడు.

ఆగస్టు 14

మామయ్య ఉత్తరం రాయాలి రమ్మన్నాడు. బవేరియా వాళ్ళకి మరో ఉత్తరమట, మొదటిది అందిందో లేదో కనుక్కోవడానికి. నేను బల్ల ముందు కూచున్నాను. కలం తీసుకోలేదు.

చెప్పేశాను. దుమ్ము లేస్తుంటే వానని రాసుకున్నాను మామయ్యా అని. మూడు రోజులు డాక్టరును పిలవలేదని. పిండి పిసుకుతూ మెట్ల వైపు చెవి పెట్టి కూచుంటున్నానని. లాజరస్ లాంటి మనిషి కూడా గుమ్మంలో నిలబడి అదే లెక్క వేస్తున్నాడని.

"అక్టోబరు దాకా నన్ను ఇలా ఉంచకండి. ఇన్నాళ్ళూ చూస్తూ ఊరుకున్నాను. ఇంకొన్నాళ్ళుంటే చూస్తూ ఊరుకోనేమో" అన్నాను.

మామయ్య నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. ఇంత చిన్నగా కనిపించలేదు ఎప్పుడూ. కిటికీలోంచి నది చూశాడు. ఏదో ఒకటి రాయాలి కదా అని నేనే అలవాటు కొద్దీ సిరా బుడ్డి మూత తీశాను.

ఆయన వచ్చి మూత పెట్టేశాడు.

"వద్దమ్మా. ఈసారి ఎవరికీ రాయొద్దు" అన్నాడు. "చాలా తెలిసినవాళ్ళని అడిగాను. వాళ్ళెవరూ ఈ ఇంట్లో లేరు. బుధవారం చేసేద్దాం. తప్పయితే నా మెడకే చుట్టుకుంటుంది."

టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. తనతో కలిపి తంతుకు కూచోవలసిన అయిదుగురు పెద్దల్ని కూడగట్టడానికి. సాయంత్రానికి తిరిగొచ్చాడు, చెమటతో తడిసి. ఇద్దరు ఒప్పుకోలేదట, సెయింట్ లూయిస్ సంగతి వాళ్ళ చెవిన కూడా పడిందట. మరో ఇద్దరిని పట్టుకున్నాడట. ఇంతకు ముందు ఎవరితోనూ పోట్లాడని మనిషి.

ఆగస్టు 16

ఈ సాయంత్రం తంతు ఎక్కడో చూపించారు, మందిరంలో ఉత్తరపు గోడ దగ్గర. ముందురోజే చోటు నిర్ణయించాలి. హెబ్రీ మాటలు మందిరం గాయకుడు నా చేత పలికించాడు. వారం రోజులూ పశువులు కోసి, సబ్బాతు నాడు ప్రార్థనలు పాడే మనిషి, నాకంటే ఎక్కువ తడబడ్డాడు. రేపు పొద్దున ఏమీ తినొద్దన్నాడు, ఉమ్ము తేటగా ఉండాలట.

లాజరస్‌ను లోపలికి రావద్దన్నారు. అయినా వీధి అవతల నిలబడతానన్నాడు.

ఇది చెల్లుతుందా? బాల్టిమోర్‌లో సగం చెల్లుతుంది. సెయింట్ లూయిస్‌లో చెల్లదు. ఇక్కడ రేపు చెల్లుతుంది. మెంఫిస్‌లో ఏమంటారో.

ఆగస్టు 17

అయింది.

కోపెల్ కొయ్యకాలు విప్పి గోడకు ఆనించారు. మిగిలిన పిక్కకు బాల్టిమోర్ చెప్పు పెట్టి, తోలు తాళ్ళు మోకాలి కింద చుట్టూ తిప్పి తిప్పి కట్టారు. నాలుగు మూరల దూరం నడవాలి అతను, చెప్పు తనదేనని తెలియడానికి. ఎలా నడుస్తాడు? అయిదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామయ్య, న్యాయస్థానంలో పెద్దగా కూచోవలసిన మామయ్య, లేచి వెళ్ళి భుజం ఇచ్చాడు. అతను మామయ్య మెడ చుట్టూ చెయ్యి వేసి, ఒంటికాలి మీద గెంతుకుంటూ గోడ దాకా వెళ్ళాడు. ఆ చెప్పు నేలకు తగలలేదు. దాని గురించి ఎవరూ నోరెత్తలేదు.

అడిగారు అతన్ని. ఆమెను చేసుకోవడం నాకు ఇష్టం లేదు అని హెబ్రీలో చెప్పాలి. చెప్పాడు. ఒక్క అక్షరం తడబడలేదు. నావైపు మాత్రం చూడలేదు.

నేను మోకాళ్ళ మీద కూచున్నాను. ఎడమచేత్తో అతని కాలు ఎత్తి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది, చిన్నపిల్లవాడి భుజమంత ఉంది. కుడిచేత్తో ముళ్ళు విప్పాను. ఒక ముడి రాలేదు. మళ్ళీ లాగితే వచ్చింది. చెప్పు తీసి దూరంగా విసిరాను. లేచి అతని ముందు నేల మీద ఉమ్మాను, అందరికీ కనబడేట్టు. అన్న ఇల్లు నిలబెట్టనివాడికి ఇలాగే జరుగుతుందని చెప్పాను. ఆ మాట అతనికి ఎలా చెప్పాను? చెప్పాలి కాబట్టి చెప్పాను. పెళ్ళిలో నన్ను నవ్వించినవాడికి, నన్ను ఆశలో ఉంచడానికి తిట్లు తిన్నవాడికి.

అయిదుగురూ విడుదల అయింది, విడుదల అయింది అని మూడుసార్లు అన్నారు. మామయ్య ఏడుస్తూ అన్నాడు. తర్వాత వాళ్ళు దస్తావేజు మీద సంతకాలు పెట్టడానికి కిటికీ దగ్గరికి వెళ్ళారు.

కోపెల్ బెంచీ మీద కూచుని కొయ్యకాలు పట్టీలు బిగించుకుంటున్నాడు. నేను వంగి ఒక పట్టీ అందించాను. ఏదో ఒకటి చెప్పాలని ఉంది. చెమట తుడుచుకో అందామనుకున్నాను.

అతనే తల ఎత్తాడు. అప్పటిదాకా నావైపు చూడని మనిషి నేరుగా నా కళ్ళలోకి చూశాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. మెల్లగా, వాళ్ళకు వినబడకుండా అడిగాడు.

"ఇంక నేను బతకొచ్చా, వదినా?"